నలుగురి సీరం

తడిసిన దుప్పటి ఒక కొసను వరండా గుంజకు ముడివేసి, రెండో కొస పట్టుకుని మెలితిప్పుతుంటే తిరేసా వేళ్ళు సగంలో మొండికేశాయి. పట్టు బిగియలేదు. నీటి బరువుకి చేతులు విడిపోయి, అరగంట ఉతికిన దుప్పటి కాస్తా బురదలో పడింది.

"చూశావా అమ్మా, మళ్ళీ పడేసింది," అంది పెనీనా లోపలికి వినబడేలా. కోకో కప్పు పట్టుకుని మెట్టు మీద కూర్చునే అంది. "ల్యాబులో గాజు గొట్టాలు పట్టుకోడానికి మాత్రం ఈ వేళ్ళు చక్కగా వంగుతాయి. ఇంట్లో దుప్పటి అనేసరికి దొరసాని వేళ్ళయిపోతాయి."

తిరేసా బురదలోంచి దుప్పటి ఎత్తుకుంది. మొగుడి అక్కకు ఎదురు చెప్పడమన్నది ఆ ఊళ్ళో లేదు. సమోవాలో తమ్ముడు కూడా అక్క మాట కాదనలేడు, ఇక తమ్ముడి పెళ్ళాం ఎంత. పెళ్ళై వచ్చి అత్తింట్లో ఉండే ఆడదాన్ని అక్కడ నోఫోతానే అంటారు. మగవాడి దగ్గర ఉంటున్నది అని దాని అర్థం. అది పేరూ కాదు, వరసా కాదు, చిరునామా. పద్నాలుగేళ్ళుగా తిరేసా ఆ చిరునామాలో ఉంటోంది.

"మళ్ళీ ఉతుకుతాను వదినా."

"ఉతుకు మరి. శుక్రవారానికి ముప్పై దుప్పట్లు కావాలి. ఆక్లండ్ నుంచి వచ్చేవాళ్ళు బురద కప్పుకోరు."

శుక్రవారం తిరేసా భర్త యాకోపోకి కుటుంబ పెద్దరికం కట్టబెడుతున్నారు. పోయిన మామగారి బిరుదు, మూడేళ్ళు కుటుంబంలో వాదులాడుకున్నాక, చివరికి అతనికే ఖాయమైంది. రెండు వందల మంది వస్తారు. పందులు, సన్నచాపలు, పెట్టెలకొద్దీ డబ్బా చేపలు. మగపిల్లలు రాళ్ళ పొయ్యి మీద వండుతారు, పెద్దలు ప్రసంగాలు చేస్తారు. మిగతాదంతా ఇంటి ఆడవాళ్ళు చూసుకుంటారు. పోయిన ఆదివారం ప్రార్థన అయ్యాక పాస్టరు భార్య మెచ్చుకుంది కూడా: "నలుగురు ఆడవాళ్ళున్న ఇల్లు, అద్దంలా ఉంటుంది." నలుగురంటే అత్తగారు, పెనీనా, పెనీనా కూతురు, తిరేసా. అత్తగారికి వయసైపోయింది. పెనీనా ఇంటి ఆడపడుచు. ఆమె కూతురు చదువుకుంటోంది. ఆ మెప్పును నలుగురూ తలలు వంచి సమానంగా పంచుకున్నారు.

దుప్పటి రెండోసారి ఉతికి, ఆరేసి, ఏడింటి బస్సుకి పరిగెత్తింది తిరేసా.

పట్నంలో ఒక పాత మిషన్ బడిని బాగుచేసి పెట్టిన చిన్న ల్యాబు అది. పనిచేసేది నలుగురు. లౌతాఫీ దానికి పెద్ద, యాకోపోకి బాబాయి వరస, తిరేసాకి ఈ ఉద్యోగం వేయించింది ఆయనే. ఆ సంగతి కుటుంబంలో ఎవరూ ఆమెను మరిచిపోనివ్వరు. మిగతా ఇద్దరు ఫెరెటీ, సిమీ. న్యూజీలాండ్‌లో ఉండే డాక్టర్ హెదర్ ఈ పని నడిపిస్తుంది. దీవిలోని బడిపిల్లల వేలి నుంచి రక్తపు చుక్క తీసి, కాగితం మీద ఆరబెట్టి, అందులో సీఆర్‌పీ అనే ప్రోటీన్ ఎంతుందో చూడటం వాళ్ళ పని.

ఆ ప్రోటీన్ గురించి తిరేసాకి ఎవరైనా అడిగితే గంటసేపు చెప్పగలిగేంత తెలుసు. ఎవరూ అడగరు. కాలేయంలో తయారవుతుంది. మామూలు రోజుల్లో రక్తంలో ఉందా లేదా అన్నట్టుంటుంది. ఒంట్లో ఎక్కడైనా గాయమైనా, క్రిమి చొరబడినా, కొన్ని గంటల్లో వందల రెట్లు పెరుగుతుంది. చచ్చిన కణాలకీ, చొరబడ్డ క్రిములకీ వెళ్ళి అంటుకుని, ఇదిగో ఇక్కడ, అని తెల్లకణాలకు చూపిస్తుంది. వాపు, వేడి, ఎరుపు, నొప్పి అన్నీ ఆ హడావుడిలో భాగమే. పుట్టుకతో వచ్చిన కాపలా ఇది. టీకాతో వచ్చే రక్షణకు జ్ఞాపకం ఉంటుంది, ఒకసారి చూసిన శత్రువును గుర్తుపెట్టుకుని మరోసారి సిద్ధంగా ఉంటుంది. దీనికి జ్ఞాపకం లేదు. ఎన్నోసారి దెబ్బ తగిలినా ఇదే మొదటిసారి అన్నట్టు పరిగెత్తుకొస్తుంది. చదువుకునే రోజుల్లో ఈ ముక్క దగ్గర తిరేసాకి ముచ్చటేసింది. ఇప్పుడు అదే ముక్క గుర్తొస్తే ఎందుకో చిరాకు పుడుతుంది.

పిల్లలకు గొంతు నొప్పి వచ్చి తగ్గిపోతుంది. కొందరిలో మాత్రం ఒంట్లోని రక్షణ పొరబడి కీళ్ళ మీదా గుండె మీదా పడుతుంది. మోకాలు వాస్తుంది, తగ్గుతుంది, రెండోది వాస్తుంది. ఆ లోపల గుండె కవాటాలు మచ్చ కడుతుంటాయి. ముందే కనిపెడితే నెలకో ఇంజెక్షన్‌తో ఆపొచ్చు. కనిపెట్టకపోతే ఇరవై ఏళ్ళకి ఆ పిల్ల బావి దగ్గర నుంచి ఇంటికి నడవలేకపోతుంది. అందుకే ఈ రక్తపు చుక్కలు. ప్రతి బిడ్డ రక్తాన్నీ ఆరోగ్యవంతుల రక్తంతో పోల్చి చూస్తారు. నాలుగు రెట్లు దాటితే గుండె పరీక్షకు పంపుతారు. దాటకపోతే బాగుందని చీటీ ఇచ్చి ఇంటికి పంపుతారు.

ఆరోగ్యవంతులంటే ల్యాబు వాళ్ళే. మొదట్లో పెట్టుకున్న పద్ధతి ప్రకారం నాలుగు నెలలకోసారి నలుగురూ తలా ఒక గొట్టం రక్తం ఇవ్వాలి. అది గడ్డకట్టాక పైన తేలే పసుపు నీరే సీరం. నలుగురిదీ కలిపి, సీసాల్లో పోసి, ఫ్రీజరులో పెట్టాలి. ఒకరికి ఒంట్లో బాగోకపోయినా మిగతా ముగ్గురి వల్ల లెక్క తప్పదు. అందుకే నలుగురు. ఒక ఏడాది అలాగే నడిచింది. తర్వాత లౌతాఫీ బాబాయి బీపీ మాత్రలు మొదలుపెట్టానని మానేశాడు. ఫెరెటీ తనకు వాతం ఉందనీ, తన రక్తం పనికిరాదనీ అన్నాడు. సిమీకి సూది చూస్తే కళ్ళు తిరుగుతాయి. పంది గొంతు కోసేటప్పుడు తిరగవు.

"నీదే నాలుగు గొట్టాలు తియ్యి తిరేసా," అన్నాడు లౌతాఫీ. "ఆడవాళ్ళకి రక్తం ఊరికే ఊరుతుంది. నెలనెలా పారబోసేదేగా."

ఫెరెటీ, సిమీ పగలబడి నవ్వారు. ఆమె కూడా కాస్త నవ్వింది. నవ్వకపోతే ఆ మాట ఇంకా పెద్దదవుతుంది. సీసాకు అంటించే చీటీ మీద మాత్రం నలుగురి పేర్లలోని మొదటి అక్షరాలు రాయమన్నాడు. రాసింది. అలా రెండేళ్ళు రాసింది.

ఆ సోమవారం ఫలితాల పుస్తకం తిరగేస్తుంటే ఆమెకు ఒక సంగతి నచ్చలేదు. వానలు పడుతున్నాయి, ప్రతి బడిలోనూ పిల్లలు దగ్గుతున్నారు. అలాంటిది మూడు వారాలుగా ఒక్క బిడ్డా గీత దాటలేదు. అంత మంచి ఫలితాలు ఆ దీవిలో ఉండవు. ఫ్రీజరు అడుగున వెతికింది. మంచు పట్టిన ఒక సీసా దొరికింది. దాని మీద మూడేళ్ళ కిందటి తారీకుంది, తన అక్షరాలే. నలుగురూ నిజంగా ఇచ్చిన రోజుల నాటిది. కొత్త సీసా తెరిచినప్పుడల్లా పాతదాన్ని పక్కన పెట్టి సరిచూడాలని నియమాల పుస్తకంలో ఉంది. లౌతాఫీ దాన్ని ఎప్పుడో ఎత్తేశాడు, రక్తం రక్తమే, పాతదేంటి కొత్తదేంటి అని. ఆ రోజు ఆమె ఎవరినీ అడగకుండా రెండూ పక్కపక్కన పెట్టింది.

కొత్తది పాతదానికి మూడున్నర రెట్లు వచ్చింది.

తనే పొరపాటు చేశాననుకుని మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే. మంగళవారం పొద్దున్న పక్క క్లినిక్‌లో పనిచేసే నర్సును బతిమాలి, తన రక్తం విడిగా వాళ్ళ మిషన్ మీద పెట్టించుకుంది. అయిదు లోపు ఉండాలి. పద్నాలుగు వచ్చింది.

"జ్వరమా?" అంది నర్సు.

"లేదు."

"పుండేమైనా? పన్ను నొప్పా?"

"పొద్దున్నే వేళ్ళు బిగుసుకుపోతాయి."

నర్సు ఆమె చేతులు పట్టుకుని వేలి కణుపులు ఒక్కొక్కటీ నొక్కింది. మూడో వేలి దగ్గర తిరేసా పెదవి కొరుక్కుంది. "ఎన్నాళ్ళుగా ఉందిది? డాక్టరుకి చూపించుకోలేదేం? నువ్వు రోజూ చేసేది ఈ పనేగా?"

తిరేసా వేళ్ళు వెనక్కి లాక్కుంది. ఈ ప్రోటీన్ మంట ఎక్కడుందో చెప్పదు, ఎందుకుందో చెప్పదు. ఉంది అని మాత్రం చెబుతుంది. ఆ ఒక్క మాటైనా తన గురించి చెప్పింది అదొక్కటే అనిపించింది. ఇంట్లో బద్ధకం అన్నారు. తను కూడా అలసట అనుకుంది.

ల్యాబుకి వచ్చి కాగితం తీసుకుని కూర్చుంది. ఆరోగ్యవంతుల లెక్క నాలుగు అయినప్పుడు, నాలుగు రెట్లంటే పదహారు. పదహారు దాటిన ప్రతి బిడ్డనూ పట్టుకునేవాళ్ళు. ఆరోగ్యవంతుల లెక్క పద్నాలుగు అయ్యాక ఆ గీత యాభై ఆరుకి వెళ్ళిపోయింది. ఆమె రక్తం మరిగినకొద్దీ దీవిలోని పిల్లలందరూ కాగితం మీద ఆరోగ్యంగా కనిపించారు. పాత సీసాతో లెక్క మళ్ళీ కడితే, తను ఒక్కతే ఇచ్చిన మొదటి ఏడాది విడతలు సరిపోయాయి. ఈ ఏడాదిలో వాడిన మూడు విడతల సీరం వల్ల దొరక్కుండా పోయిన పిల్లల పేర్లు ఒక్కొక్కటే రాసింది. అరవై ఒక్కటి అయ్యాయి.

పందొమ్మిదో పేరు దగ్గర పెన్ను ఆగింది. లూసియా. ఏడేళ్ళు. దక్షిణ తీరం పిల్ల. నెల కిందట ఆ పిల్ల తల్లి రెండు బస్సులు మారి ల్యాబు దాకా వచ్చింది.

"చీటీలో బాగుందని రాశారు కదమ్మా, మరి ఈ మోకాలు చూడు," అని పిల్లను బల్ల మీద కూర్చోబెట్టింది. "మొన్నటిదాకా ఇటుది. అది తగ్గింది, ఇప్పుడు ఇది."

తిరేసా పుస్తకం తీసి చూసింది. మూడు చిల్లర. గీత దాటలేదు. "బాగానే ఉందమ్మా, ఎక్కడో పడి ఉంటుంది, ఆడుకునే పిల్ల కదా," అంది. ఆ తల్లి ఆమె చేతులు పట్టుకుని మరీ దండం పెట్టి వెళ్ళింది. పాత సీసాతో చూస్తే ఆ పిల్ల రక్తం పదకొండు రెట్లుంది.

ఆ సాయంత్రం యాకోపో వ్యాన్‌లో వచ్చి ఆమెను ఎక్కించుకున్నాడు, డబ్బా చేపల పెట్టెలు తేవాలని. దారిలో చెప్పింది. గీత సంగతి, పిల్లల సంగతి, తన పద్నాలుగు సంగతి. అతను చెడ్డవాడు కాదు. కొట్టడు, తాగడు, ప్రార్థనకు తప్పడు. అంతా విని, ముందు కారు దాటిపోయేదాకా ఆగి అడిగాడు:

"మరి శుక్రవారం వడ్డించగలవా?"

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది.

"అది కాదు తిరేసా, నీకు బాగాలేకపోతే డాక్టరు దగ్గరికి వెళ్దాం, వెళ్ళొద్దన్నానా? ఇదంతా అయ్యాక. వచ్చే వారం."

"పిల్లల సంగతి?"

"ఇన్ని నెలలు ఆగారు, వారం ఆగలేరా? నువ్విప్పుడు తప్పు జరిగిందంటే ఎవరి మీదకొస్తుంది? బాబాయి మీదకి. శుక్రవారం నా పేరు లేచి చదివేది ఆయన. పేర్లు తప్పుగా రాయించాడని తెలిశాక ఆయన నిలబడి నా పేరు చదివితే ఎలా ఉంటుంది? నలుగురిలో నేను తల ఎత్తుకోవద్దా?"

"రాసింది నేను."

"అదే నేనూ అంటున్నా! నీ ఉద్యోగమే పోతుంది ముందు." అతని గొంతు మెత్తబడింది. "బాబాయితో మాట్లాడు. ఆయన ఏదో దారి చూపిస్తాడు. పెద్దాయన."

బుధవారం పొద్దున్న పెద్దాయన దారి చూపించాడు. తలుపు వేసి, ఆమె రాసిన కాగితం రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఎవరికి చెప్పావ్?"

"యాకోపోకి."

"మంచిది, ఇంట్లోనే ఉంది. రేపు డాక్టరమ్మ మాట్లాడినప్పుడు నేను చెబుతాను. కరెంటు పోయింది, ఫ్రీజరు ఆగింది, సీరం పాడైంది. మన దగ్గర కరెంటు పోవడం వింతా?"

"పాడైతే ప్రోటీన్ తగ్గాలి బాబాయ్. పెరగదు."

"అబ్బో, నాకు పాఠం చెబుతున్నావా?"

"అలా అనలేదు."

"చూడమ్మాయ్. నిన్ను ఇక్కడ పెట్టిందెవరు? మా వాడి పెళ్ళానివని పెట్టాను. బల్లలు తుడుచుకుంటూ మొదలుపెట్టావు, ఇవాళ మిషన్ నీ చేతిలో ఉంది. ఇప్పుడు నీ రక్తంలో ఏదో తేడా వస్తే దానికి ల్యాబు అంతా సిగ్గుపడాలా? ముందే ఒంట్లో బాగోలేదని చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేదా?"

గదిలోంచి బయటికొచ్చాక గానీ ఆ మాట ఆమెకు పూర్తిగా ఎక్కలేదు. ముగ్గురు ఇవ్వలేదు. ఆమె ఇచ్చింది. తప్పు ఇచ్చిన రక్తానిది. ఇంట్లో కూడా అంతే, గిన్నె పగిలితే అది కడుగుతున్నదాని చేతిలోనే పగులుతుంది. కడగనివాళ్ళ చేతుల్లో ఎన్నడూ ఏదీ పగలదు. కోపం ఆయన మీద రావలసింది, వచ్చింది కూడా, కానీ దాని వెనకే ఇంకో కోపం వచ్చి నిలబడింది, అది తన మీద. రాయమనగానే ఎందుకు రాశాను? మొదటిసారి చెయ్యి చాపినప్పుడు ఏమనుకున్నాను? ఏమీ అనుకోలేదు. అందరి తరఫునా నేనే చెయ్యడం కొత్తగా అనిపించలేదు, అంతే. ఆ అలవాటు ఇంటి నుంచి బస్సెక్కి తనతో పాటే ల్యాబుకి వచ్చింది. తన అలవాటుకి లూసియా మోకాలు వాచింది. కాదు, మోకాలు ముందే వాచింది. తను చూసి, బాగానే ఉందమ్మా అంది.

ఆ మధ్యాహ్నం ఇంటికి తొందరగా రమ్మన్నారు, చాపలు దులపాలని. అత్తగారు సాలోమె భోజనానికి కూర్చుంటే, తిరేసా పక్కన కూర్చుని ఈగలు వాలకుండా విసనకర్ర ఊపుతోంది. కొబ్బరిపాలలో ఉడికించిన ఆకుకూర ఒక ముద్ద తిని, ముసలామె పళ్ళెం పక్కకు జరిపింది.

"ఆ విసరడం ఆపి చేతులిలా ఇవ్వు."

ఇచ్చింది. సాలోమె కొబ్బరినూనె వేసి వేళ్ళు ఒక్కొక్కటే రాయసాగింది.

"పొద్దున్నే ఎక్కువా?"

"అవునత్తమ్మా."

"మధ్యాహ్నానికి కాస్త వదులుతాయి. ముందు కుడిచెయ్యి, తర్వాత ఎడమ."

"మీకెలా తెలుసు?"

ముసలామె నవ్వి తన చేతులు చాపింది. పద్నాలుగేళ్ళుగా ఆ చేతుల్ని తిరేసా రోజూ చూస్తోంది. వయసు అనుకుంది. వేళ్ళన్నీ ఒకే పక్కకు, గాలికి వంగిపోయిన గడ్డిలా ఒరిగిపోయి ఉన్నాయి.

"ముప్పై అయిదేళ్ళప్పుడు మొదలైంది. మా అత్త బద్ధకం అంది. నేనూ నిజమే కాబోలనుకున్నా. పదేళ్ళు నొప్పెట్టీ నొప్పెట్టీ ఒకరోజు అవే ఊరుకున్నాయి."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఎప్పుడు చెప్పను? అందరూ ఎప్పుడూ భోజనాల్లోనే ఉండేవాళ్ళు."

"మీరు కూడా నన్ను బద్ధకం అన్నారు అత్తమ్మా. మొన్న పాస్టరు గారి భార్య ముందు."

సాలోమె చేతులు ఆగాయి.

"అన్నాను. దానికి వేరే మాట నాకెవరూ నేర్పలేదు." మళ్ళీ నూనె రాయడం మొదలుపెట్టింది. "శుక్రవారం గడవనీ. ఆకు కడతాను."

వరండాలోంచి పెనీనా కేక వేసింది: "ఏంటమ్మా ఆ సేవలు? కోడలికి నువ్వు చేస్తున్నావా, నీకు కోడలా? పళ్ళేలు లెక్కపెట్టాలి, పంపించు!"

"పో," అంది సాలోమె. తిరేసా లేచింది. ముసలామె ఒరిగిపోయిన వేళ్ళతో, అరచేతుల మధ్య ఇరికించుకుని, నూనె సీసా మూత తనే పెట్టుకోడానికి ప్రయత్నిస్తోంది. రెండుసార్లు జారింది. మూడోసారి పడింది. నిరుడు ఎవరో అడిగితే, అత్తగారికి ఏ జబ్బూ లేదని తిరేసాయే చెప్పింది.

గురువారం పదకొండింటికి డాక్టర్ హెదర్ కంప్యూటరు తెర మీద కనిపించింది. లౌతాఫీ ముందు కూర్చున్నాడు, పక్కన పుస్తకం పట్టుకుని తిరేసా. బయట వ్యాన్ ఆపి యాకోపో నిలబడ్డాడు. విమానం దిగిన చుట్టాలు ఇంటికి చేరారు, పన్నెండింటికి మొదటి పంక్తి కూర్చోవాలి, మీటింగ్ కాగానే ఆమెను తీసుకుపోవాలి.

లౌతాఫీ కొత్త సీరం మూడున్నర రెట్లు వచ్చిందనీ, కరెంటు పోయి పాడైందనీ చెప్పాడు. డాక్టర్ హెదర్ నుదురు చిట్లించింది.

"ఫ్రీజరు ఆగితే విలువ తగ్గాలి కదా? ఇది పెరిగింది. అది కూడా నలుగురి రక్తం కలిపితే. ఒకరికి జబ్బు చేసినా ఇంత తేడా రాదు. నలుగురికీ ఒకేసారి చేసిందా?"

తిరేసా పుస్తకం మీద నుంచి తల ఎత్తింది. లౌతాఫీ నవ్వాడు. నలుగురిలో మాట్లాడటం తెలిసినవాడు, తడుముకోలేదు.

"చెప్పడం మరిచాను డాక్టర్ గారూ. పోయిన నెలలో ఊరంతా జలుబులు. మేం నలుగురమూ దగ్గుకుంటూనే రక్తం ఇచ్చాం. తప్పే. ఆఖరి విడత అప్పటిదే."

"అలాగా." ఆమె రాసుకుంది. "అయితే ఆఖరి విడత ఒక్కటే పారెయ్యండి. దానివల్ల గీత దాటకుండా పోయిన పిల్లలెంతమంది?"

"పద్నాలుగు," అన్నాడు లౌతాఫీ, తిరేసా కాగితంలోకి తొంగిచూసి.

"వాళ్ళను మళ్ళీ పిలిపించండి చాలు. ముందు రెండు విడతలు బాగున్నట్టే కదా."

లౌతాఫీ హాయిగా వెనక్కి వాలాడు. తిరేసా వైపు చూసి కనుబొమ్మ ఎగరేశాడు, చూశావా, అన్నట్టు. నిజంగానే ఎవరికీ ఏమీ కాలేదు. పద్నాలుగు మంది పిల్లలు వెనక్కొస్తారు. రేపు ఆయన నిలబడి యాకోపో పేరు చదువుతాడు. తన ఉద్యోగం ఉంటుంది. లూసియా రెండో విడత పిల్ల.

"డాక్టర్ గారూ," అంది తిరేసా.

"చెప్పండి."

"నలుగురు కాదండీ. రెండేళ్ళుగా ఒక్కదాన్నే."

లౌతాఫీ కుర్చీ కిర్రుమంది. "తిరేసా," అన్నాడు వాళ్ళ భాషలో, పెదవులు కదపకుండా. "ఇంటికెళ్ళాక మాట్లాడదాం."

"ఒక్కరేమిటి? చీటీల మీద నాలుగు పేర్లున్నాయే?" అంది డాక్టర్ హెదర్.

"నేనే రాశాను. రాయమన్నారు, రాశాను. తప్పని తెలిసే రాశాను. ఆ రక్తమంతా నాది. ఇప్పుడు నా సీఆర్‌పీ పద్నాలుగు ఉంది. జలుబు కాదు, నాకు జబ్బు ఉంది, ఎప్పటి నుంచో నాకే తెలీదు. అందుకని ఆఖరి విడత ఒక్కటి తీసేస్తే సరిపోదు. మూడూ తీసెయ్యాలి. పాత సీసాతో లెక్క మళ్ళీ కట్టాను. పద్నాలుగు మంది కాదు, అరవై ఒక్క మంది."

ఎంత నెమ్మదిగా అందో ఆమెకే ఆశ్చర్యం వేసింది. పుస్తకం పట్టుకున్న వేళ్ళు మాత్రం నొప్పెడుతున్నాయి, అవి ఎలాగూ నొప్పెడతాయి.

తెర మీద డాక్టర్ హెదర్ కళ్ళజోడు పెట్టుకుని కాగితం దగ్గరికి లాక్కుంది. "మిగతావి తర్వాత మాట్లాడదాం. అవి చాలా ఉన్నాయి. ముందు పిల్లల పేర్లు చెప్పండి. అందరికంటే ఆలస్యం కాకూడనిది ఎవరు?"

బయట హారన్ మోగింది. ఒకసారి, ఆగి రెండోసారి. తలుపు తోసుకుని యాకోపో లోపలికొచ్చాడు. తెర చూసి గొంతు తగ్గించుకున్నాడు.

"తిరేసా, రా. అందరూ కూర్చున్నారట, వడ్డించేవాళ్ళు లేరని అక్క అరుస్తోంది."

"లూసియా," అంది తిరేసా తెర వైపు. "ఏడేళ్ళు. దక్షిణ తీరం. పదకొండు రెట్లు. రెండు మోకాళ్ళూ వాచాయి. వాళ్ళమ్మ వచ్చి అడిగితే బాగానే ఉందని చెప్పి పంపింది నేనే. అది కూడా రాసుకోండి."

"తిరేసా," అన్నాడు యాకోపో మళ్ళీ. ఈసారి బతిమాలుతున్నట్టు ఉంది.

ఆమె తల తిప్పలేదు. రెండో పేరు మీద వేలు ఆనించి, చదివింది.